సంతకం ఉంది, సమ్మతి ఏదీ?

(భంజనగర్‌లో జరిగిన తెలుగు కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ ఊరికి పూర్వం రస్సెల్‌కొండ అని పేరు. 1830వ దశకంలో ఘుముసర తిరుగుబాటును అణచడానికి మద్రాసు ప్రభుత్వం పంపిన జార్జి రస్సెల్ అనే అధికారి పేరది. తరువాతి కాలంలో ఆ పేరు తీసివేసి, ఒడియా కవిసామ్రాట్టు ఉపేంద్ర భంజుని పేరు పెట్టుకున్నారు. తన గడ్డమీద ఎవరి పేరు ఉండాలో తేల్చుకున్న ఊరు ఇది. నేను ఈరోజు మాట్లాడబోయేది కూడా పేరు గురించే. మన పేరుతో, మన ముద్రతో, మనకు తెలియకుండా ఇంకొకరు పని జరిపించుకుంటే ఏమవుతుంది? ఆ పనికి జవాబుదారీ ఎవరు?

నన్ను పిలిచినవారు భాషా అల్పసంఖ్యాకుల హక్కుల గురించి మాట్లాడమన్నారు. రాజ్యాంగంలోని అధికరణాలను ఏటా ఈ వేదికలమీద వల్లిస్తూనే ఉన్నాను. మీలో చాలామందికి అవి నాకంటె బాగా వచ్చు. అందుచేత ఈసారి కంప్యూటర్ గురించి మాట్లాడతాను. వకీలుకు ఇదేమి పని అని అనుకోవద్దు. ఒక నిరపరాధిని నేను దోషిగా భావించిన సందర్భం నా జీవితంలో ఒకటుంది. ఈ విషయం తెలియకపోవడమే దానికి కారణం.

మాస్టారి కథ

2014 నాటి మాట. మా తెలుగు సంఘానికి ఒక వెబ్‌సైటు ఉండేది. ఎవరైనా ఉచితంగా తీసుకుని వాడుకోదగిన ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌తో దాన్ని కట్టుకున్నాం. పిల్లలకు తెలుగు వాచకాలు కావలసిన కుటుంబాలు అందులో ఒక దరఖాస్తు నింపేవి. పిల్లవాడి పేరు, తరగతి, ఇంటి చిరునామా, ఫోను నెంబరు అందులో ఉండేవి. ఆ వివరాలు మా సంఘం ఈ-మెయిలుకు చేరేవి. కార్యదర్శిగా పదవీ విరమణ చేసిన ఒక తెలుగు మాస్టారు ఉండేవారు. సైటు తాళంచెవి, అంటే పాస్‌వర్డు, ఆయన ఒక్కరి దగ్గరే ఉండేది.

ఒకసారి మూడు వారాలపాటు ఒక్క దరఖాస్తూ రాలేదు. ఏమైందని చూస్తే, దరఖాస్తులు చేరవలసిన చిరునామాను ఎవరో మార్చివేశారు. ముక్కూ మొహం తెలియని ఒక ఈ-మెయిలుకు మన పిల్లల వివరాలన్నీ మూడు వారాలుగా వెళ్ళిపోతున్నాయి. సైటులో జరిగే ప్రతి పనినీ నమోదు చేసే పుస్తకం ఒకటుంటుంది, దాన్ని లాగ్ అంటారు. తీసి చూశాం. మార్పు చేసింది మాస్టారి ఖాతా. మార్పు వెళ్ళింది మాస్టారి ఇంటి కనెక్షన్ నుంచి. సమయం ఉదయం పదకొండు గంటలు. ఆ సమయంలో ఆయన కంప్యూటర్ ముందే ఉన్నానని తానే చెప్పారు.

విచారణ బాధ్యత నాకు అప్పగించారు. నేను వకీలును, సాక్ష్యం చదవడం నా వృత్తి. “లాగ్ అబద్ధం చెప్పదు కదా మాస్టారూ” అన్నాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, “నా పేరుమీద జరిగింది. నేను చేయలేదు. ఈ రెండూ నిజమే వకీలు గారూ” అన్నారు. ఒకే నోట రెండు వాదనలు నిలవవని నేను మనసులో తీర్పు రాసేసుకున్నాను. మర్నాడే ఆయన రాజీనామా పంపించారు. ముప్పై ఏళ్ళు పిల్లలకు పాఠం చెప్పిన మనిషి, పిల్లల వివరాలు అమ్ముకున్నాడన్న మాట వీధిలో వినవలసి వచ్చింది.

అర్జీలో ఫోర్జరీ

నిజం బయటపెట్టింది బరంపురంలో కంప్యూటర్ చదువుతున్న మన సభ్యుల అబ్బాయి ఒకడు. “అంకుల్, ఇందులో ఎవరు చేశారన్నదొక్కటే చూశారు. ఎక్కడి నుంచి వచ్చిందో చూడలేదు” అన్నాడు. ఆ మార్పు నమోదైన వరుసలోనే, అంతకుముందు ఏ పుట తెరిచి ఉందో దాని చిరునామా కూడా ఉంది. మన సైటులోని దిద్దుబాటు పుట చిరునామా అక్కడ ఉండాలి. ఉన్నది మరొక సైటు చిరునామా. మాస్టారిని అడిగితే జ్ఞాపకం చేసుకుని చెప్పారు. ఆ ఉదయం సంఘం సైటు తెరిచిపెట్టుకుని పని చేసుకుంటూ, మధ్యలో ఒక మెయిలు చూశారు. ఉచితంగా తెలుగు ఫాంట్లు ఇస్తామన్న మెయిలు అది. ఆశపడి లింకు నొక్కారు. పుట తెరుచుకుంది, ఫాంట్లు లేవు, మూసేశారు. ఆయన చేసింది అంతే.

ఆ పుటలో కంటికి కనబడని ఒక ఫారం ఉంది. అది మా సైటుకు రాసిన అర్జీ. “దరఖాస్తుల చిరునామా ఇలా మార్చండి” అని ముందే నింపిపెట్టి ఉంది. పుట తెరవగానే అది దానంతట అదే బయలుదేరింది. మాస్టారి బ్రౌజర్ ఆ అర్జీకి మాస్టారి గుర్తింపు జతచేసి మా సైటుకు అందజేసింది. మా సైటు ఆ గుర్తింపు చూసి, మాస్టారే అడిగారనుకుని పని పూర్తి చేసింది.

దీన్ని క్రాస్ సైట్ రిక్వెస్ట్ ఫోర్జరీ అంటారు. పొట్టిగా సి.ఎస్.ఆర్.ఎఫ్. పీటర్ వాట్కిన్స్ అనే ఆయన 2001లో ఈ పేరు పెట్టారు. రిక్వెస్ట్ అంటే అర్జీ. ఫోర్జరీ అన్న మాట తెలియని కోర్టు పక్షి మన జిల్లాలో ఉండదు. కాబట్టి మనం దీన్ని ‘దొంగ అర్జీ’ అందాం. పరాయి చోట పుట్టి, మన ముద్రతో మనకు నమ్మకమైన చోటికి వెళ్ళే అర్జీ.

గుమాస్తా తప్పు

ఇది ఎలా సాధ్యమని అడుగుతారు. మా ఆఫీసు ఉదాహరణే చెబుతాను.

నా దగ్గర ఒక గుమాస్తా ఉన్నాడనుకోండి. మహా నమ్మకస్థుడు. కోర్టు పేరు రాసి ఉన్న కాగితం బల్లమీద ఏది కనబడినా, దానికి నా వకాల్తా జతచేసి కోర్టులో దాఖలు చేసి వస్తాడు. కాగితం నేను రాశానా, ఆఫీసులోకి వచ్చిన అపరిచితుడెవడో రాసి బల్లమీద పెట్టి వెళ్ళాడా అని అడగడు. కోర్టువారు వకాల్తా చూస్తారు, అది నిజమైనదే, కాగితం స్వీకరిస్తారు. ఇక్కడ ఎవరూ తాళం పగులగొట్టలేదు, నా సంతకం కాజేయలేదు. గుమాస్తా విధేయతే మోసానికి పనిముట్టయింది.

ఆ గుమాస్తాయే మన బ్రౌజర్. మీరు ఏదైనా సైటులోకి పాస్‌వర్డు కొట్టి వెళ్ళగానే, ఆ సైటు మీ బ్రౌజర్‌కు ఒక చీటీ ఇస్తుంది. దాన్ని కుకీ అంటారు. పుట మార్చినప్పుడల్లా పాస్‌వర్డు కొట్టే శ్రమ లేకుండా, ఆ సైటుకు వెళ్ళే ప్రతి అర్జీకీ బ్రౌజర్ ఆ చీటీని జతచేస్తుంది. అర్జీ ఏ పుటలో పుట్టిందన్నది అది చాలాకాలం పట్టించుకోలేదు. అధికారం ఉన్న సేవకుణ్ణి అధికారం లేనివాడు ఏమార్చి పని చేయించుకునే ఈ లోపాన్ని నార్మ్ హార్డీ అనే శాస్త్రజ్ఞుడు 1988లోనే వివరించారు. ‘అయోమయంలో పడిన ప్రతినిధి’ అన్న అర్థం వచ్చే పేరు పెట్టారు. వెబ్ పుట్టకముందే చేసిన హెచ్చరిక అది.

విశాఖదత్తుని ముద్రారాక్షసం చదివినవారికి ఇది కొత్త కాదు. రాక్షసమంత్రి ఉంగరం చాణక్యుడి చేతికి చిక్కుతుంది. రాక్షసుడి మిత్రుడు శకటదాసు చేతనే, విషయం తెలియనివ్వకుండా ఒక లేఖ రాయిస్తాడు. దానిమీద ఆ ఉంగరంతో ముద్ర వేయిస్తాడు. ముద్ర నిజం, దస్తూరీ నిజం. మలయకేతువు ఆ రెండూ చూసి, రాక్షసుడు ద్రోహి అని నమ్మి దూరం చేసుకుంటాడు. మనం అచ్చుతప్పులను ముద్రారాక్షసాలని నవ్వుకుంటాం. మాస్టారి విషయంలో నేను చేసింది అచ్చుతప్పు కాదు. నేను మలయకేతువునయ్యాను.

ఇందులో మరో మెలిక ఉంది. ఈ మోసానికి పాస్‌వర్డు ఎవరికీ తెలియనక్కరలేదు. అందువల్ల ఎంత కఠినమైన పాస్‌వర్డు పెట్టుకున్నా ఇది ఆగదు. చిరునామా పక్కనుండే తాళం గుర్తు దీన్ని ఆపదు. వైరస్ పట్టే సాఫ్ట్‌వేర్‌కు కంప్యూటర్‌లో ఏదీ దొరక్కపోవచ్చు. దొంగ ఇంట్లోకి రాలేదు గదా, మన చేతనే బయటికి ఉత్తరం పంపించాడు.

‘చదివి వినిపించగా’

మన పాత దస్తావేజుల చివర ఒక మాట ఉండేది. “చదివి వినిపించగా విని, సరియని ఒప్పుకొని చేసిన వేలిముద్ర.” మా తాతగారి కాగితాల్లో ఒకదానిలో ఆ మాట లేదు. కాగితం ఆయనకు రాని భాషలో ఉంది, కింద ఆయన వేలిముద్ర ఉంది. వేలిముద్ర ఆయనదే. అంగీకారం ఆయనదేనా? 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడి గంజాం జిల్లా మద్రాసు నుంచి ఇటు వచ్చాక, ఇటువంటి కాగితాల బాధ మీ ఇళ్ళలోనూ కొందరు పడే ఉంటారు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 13వ సెక్షను, ఇరుపక్షాలు ఒకే విషయాన్ని ఒకే అర్థంలో ఒప్పుకోవడమే సమ్మతి అంటుంది. సంతకం సమ్మతికి గుర్తు మాత్రమే. గుర్తు ఉన్నంత మాత్రాన అసలు ఉన్నట్లు కాదు.

దొంగ అర్జీకి కనిపెట్టిన మందు సరిగ్గా ఈ ‘చదివి వినిపించగా’ అన్న మాట వంటిదే. సైటు తన ఫారాన్ని మీకు చూపేటప్పుడు, అందులో ఎవరూ ఊహించలేని ఒక రహస్య సంఖ్యను దాచి ఇస్తుంది. దాన్ని టోకెన్ అంటారు. ఫారం తిరిగి వచ్చినప్పుడు చీటీతోపాటు ఆ సంఖ్య కూడా ఉందా అని చూస్తుంది. ఒక సైటు పుటలోని రాతను మరొక సైటు చదవరాదన్నది బ్రౌజర్ల నియమం. కాబట్టి పరాయి పుటలో కూర్చున్న మోసగాడికి ఆ సంఖ్య తెలియదు. అతని అర్జీకి వకాల్తా ఉంటుంది, సంఖ్య ఉండదు. సైటు తిప్పి పంపుతుంది.

మన తెలుగు వికీపీడియా సంగతే చూడండి. 2003 డిసెంబరులో మొదలైన ఆ విజ్ఞాన సర్వస్వం మీడియావికీ అనే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌మీద నడుస్తోంది. ఆ సాఫ్ట్‌వేర్‌లోనూ ఈ లోపం ఉండేది. వ్యాసాల దిద్దుబాటుకూ ఇతర పనులకూ 2005 నాటి కూర్పుల్లో టోకెన్లు పెట్టి సరిచేశారు. అయినా లాగిన్ పుట మిగిలిపోయింది. మోసగాడు తన ఖాతాతోనే మనల్ని లోపలికి పంపించగల వింత లోపం అది. దాన్ని 2010 ఏప్రిల్‌లో వచ్చిన 1.15.3 కూర్పులో పూడ్చారు. మీలో వికీలో రాసేవారు ఉంటే, ఎప్పుడో ఒకసారి, సెషను సమాచారం పోయిందనీ మార్పును భద్రపరచలేకపోయామనీ చెప్పే సందేశం చూసి విసుక్కుని ఉంటారు. అక్కడ సరిచూస్తున్నది ఈ టోకెన్‌నే. వాకిట్లో కాపలావాడు ఒక్క క్షణం ఆపి, “ఈ కాగితం మీరు ఇచ్చిందేనా?” అని అడగడం అన్నమాట. ఆ సందేశం తెలుగులో ఎందుకుందంటే, ట్రాన్స్‌లేట్‌వికీ అనే చోట తెలుగు కార్యకర్తలు కూర్చుని దాన్ని తెలుగు చేశారు గనుక. అర్థమయ్యే భాషలో అడిగినప్పుడే కాపలావాడి ప్రశ్నకు అర్థం ఉంటుంది.

తెరిచిన తలుపులా?

“సాఫ్ట్‌వేర్ రాతప్రతిని అందరికీ తెరిచిపెడితే దొంగలూ చదువుతారు కదా?” అని ఇంతకుముందు ఒక పెద్దాయన నన్ను అడిగారు. న్యాయమైన ప్రశ్న.

2008లో ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయానికి చెందిన విలియం జెల్లర్, ఎడ్వర్డ్ ఫెల్టన్ అనే ఇద్దరు పరిశోధకులు ఈ లోపాన్ని యూట్యూబ్‌లో చూపించారు, న్యూయార్క్ టైమ్స్ పత్రిక సైటులో చూపించారు. ఐ.ఎన్.జి. డైరెక్ట్ అనే బ్యాంకు సైటులోనైతే, ఖాతాదారుకు తెలియకుండా సొమ్ము బదిలీ చేయించవచ్చునని నిరూపించారు. బ్యాంకు ఆ లోపాన్ని సరిచేసుకుంది. ఈ సైటుల రాతప్రతులను ఎవరూ బయట తెరిచిపెట్టలేదు. మూసిన తలుపుల వెనుక కూడా ఈ జబ్బు ఉంది.

తెరిచి ఉన్నచోట జరిగిందేమిటో చూడండి. డేటాబేసుల నిర్వహణకు పి.హెచ్.పి.మైఅడ్మిన్ అనే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌ను ఎందరో వాడతారు. నిర్వాహకుడు ఒక్క లింకు నొక్కితే చాలు, అతని డేటాబేసులోని పట్టికలను చెరిపివేయించగల దొంగ అర్జీ లోపం అందులో ఉందని భారతీయ పరిశోధకుడు అశుతోష్ బారోట్ కనిపెట్టారు. ముందుగా దాన్ని నడిపేవారికి తెలియజేశారు. 2017 డిసెంబరులో సరిచేసిన 4.7.7 కూర్పు వచ్చింది, లోపమేమిటో బహిరంగంగా ప్రకటించారు. వర్డ్‌ప్రెస్‌లోనూ 2019 మార్చిలో అంతే. వ్యాఖ్యల ఫారంలో మిగిలిపోయిన దొంగ అర్జీ లోపం ద్వారా సైటు మొత్తాన్నీ చేజిక్కించుకోవచ్చునని తేలితే, 5.1.1 కూర్పుతో పూడ్చారు. ఊరిబావి పూడిక ఊరివాళ్ళు తీసుకున్నట్లు, లోపమూ మరమ్మతూ నలుగురి కళ్ళముందే జరిగాయి.

అయితే ఒక హెచ్చరిక చేయాలి. ఊరిబావి దానంతట అదే బాగుపడదు. ఈ సాఫ్ట్‌వేర్లకు టోకెన్ వ్యవస్థ ఎప్పుడో వచ్చింది. వర్డ్‌ప్రెస్‌కు 2006లో, రూబీ ఆన్ రైల్స్‌కు 2007లో వచ్చింది. జాంగో 2010లో దాన్ని తన మూల వ్యవస్థలో భాగం చేసింది. అందుకే ఓవాస్ప్ అనే సంస్థ ప్రకటించే పది ప్రధాన ప్రమాదాల జాబితాలో 2013 దాకా ప్రత్యేకంగా ఉన్న ఈ లోపం, 2017 జాబితాలో లేదు. జబ్బు నయమైందని చాలామంది అనుకున్నారు. కానీ మైటర్ సంస్థ ప్రకటించే అత్యంత ప్రమాదకరమైన 25 లోపాల జాబితాలో ఇది 2023లో 9వ స్థానంలో ఉండి, 2024లో 4వ స్థానానికి ఎక్కింది. ఎందుకు? ప్రధాన సాఫ్ట్‌వేర్‌లో మందు ఉంది. దానికి బయటివారు రాసి తగిలించే చిన్న చిన్న తోడు భాగాలున్నాయే, ప్లగిన్లు, వాటిని రాసేవారు ఎందరో టోకెన్‌ను సరిచూడడం మరచిపోతున్నారు. గట్టి ఇంటికి వరండా కట్టి, వరండా తలుపుకు గడియ పెట్టకపోవడం లాంటిది.

మా సంఘంలో జరిగిందీ ఇదే. దరఖాస్తుల ప్లగిన్‌లో టోకెన్ లేదు. రాసినవారు ఆ తప్పు తెలుసుకుని, మాకు ఈ ప్రమాదం జరగడానికి ఎనిమిది నెలల ముందే కొత్త కూర్పు విడుదల చేశారు. మా సైటులో ఆ సూచన ఇంగ్లీషులో కనబడుతూనే ఉంది. మాస్టారు ఒకసారి నన్ను అడిగారు కూడా. “పనిచేస్తోంది కదా, కదిలించకండి” అన్నవాణ్ణి నేనే. నేరస్థుడెవరో మాకు ఈనాటికీ తెలియదు. నిర్లక్ష్యం ఎవరిదో మాత్రం ఆ రోజు తెలిసింది.

ఇళ్ళలో ఏం చేయాలి?

బ్రౌజర్లు కూడా కొంత నేర్చుకున్నాయి. పరాయి సైటులో పుట్టిన అర్జీకి చీటీ జతచేయవద్దని సైటు ముందుగా చెప్పగలిగే ఏర్పాటు, సేమ్‌సైట్ అనేది, 2016లో క్రోమ్‌లోకి వచ్చింది. సైటు ఏమీ చెప్పకపోయినా అలాగే మెలగాలన్న నియమాన్ని 2020 ఫిబ్రవరిలో క్రోమ్ 80వ కూర్పు నుంచి అమలు చేయడం మొదలుపెట్టారు. గుమాస్తాకు కొంత బుద్ధి వచ్చిందన్నమాట. కానీ పాత ఫోనులో పాత బ్రౌజర్ ఉంటే ఆ బుద్ధి మీ ఇంటికి చేరదు. అందుచేత మొదటి పని బ్రౌజర్‌ను ఎప్పటికప్పుడు కొత్తది చేసుకోవడం.

రెండోది, పని అయిపోగానే లాగౌట్ చేయడం. కిటికీ మూసేస్తే సరిపోదు, చీటీ బ్రౌజర్ దగ్గరే ఉండిపోవచ్చు. బ్యాంకు పనికి ఒక బ్రౌజర్, తక్కిన తిరుగుళ్ళకు ఇంకొకటి పెట్టుకుంటే మరీ మంచిది. మన కుటుంబాల్లో చాలామంది స్కాలర్‌షిప్పు దరఖాస్తులు, భూమి కాగితాలు ఇంటర్నెట్ షాపులో చేయించుకుంటారు. అక్కడ మీ ఖాతా తెరిస్తే, లేచే ముందు మీ చేత్తోనే లాగౌట్ నొక్కి రండి.

మూడోది, ఫోనుకు ఓటీపీ వచ్చినప్పుడు అంకెలకంటె ముందు ఆ సందేశంలోని మాటలు చదవండి. కార్డుతో ఆన్‌లైన్ చెల్లింపులకు రెండో ధ్రువీకరణ ఉండాలని రిజర్వు బ్యాంకు 2009 ఆగస్టు నుంచి తప్పనిసరి చేసింది. సూరత్ మగ్గాల దగ్గర కష్టపడి మన పిల్లలు పంపే డబ్బును దొంగ అర్జీ నుంచి కాపాడే గోడల్లో అదొకటి. అది మీకు “చదివి వినిపించగా” లాంటిది. వినకుండా ఒప్పుకుంటే గోడ ఉండీ లేనట్లే.

నాలుగోది, ఇంట్లో ఇంటర్నెట్ పెట్టె. 2008లో మెక్సికోలో ఒక రకం ఇంటి రౌటర్లకు దొంగ అర్జీలు పంపించి, బ్యాంకు పేరు కొడితే నకిలీ బ్యాంకుకు వెళ్ళేలా మార్చిన ఉదంతం బయటపడింది. కొన్ననాటి పాస్‌వర్డునే దానికి ఉంచకండి. సంఘాల సైటులు నడిపేవారికి ఒక మాట: వాడని ప్లగిన్లు తీసివేయండి, వాడేవాటిని ఎప్పటికప్పుడు కొత్తవి చేసుకోండి.

ఇంత చేసినా జరిగితే? వకీలుగా చెబుతున్నాను. లాగ్‌ను వెంటనే భద్రపరచమని రాతపూర్వకంగా అడగండి. సర్వీసు సంస్థలు, కంపెనీలు, ప్రభుత్వ కార్యాలయాలు లాగ్‌లను 180 రోజులు నిలవ ఉంచాలని సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఆదేశించింది. ఆలస్యం చేస్తే మీ నిర్దోషిత్వం అందులోనే చెరిగిపోవచ్చు. ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి 2024 జూలై 1 నుంచి భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షను కింద ధ్రువపత్రం జతచేయాలి. అనుమతి లేకుండా కంప్యూటర్ వ్యవస్థలో చొరబడి నష్టం కలిగించడం 2000 నాటి సమాచార సాంకేతిక చట్టంలోని 43, 66 సెక్షన్ల కిందికి, ఇతరుల గుర్తింపును మోసంతో వాడుకోవడం 66సి కిందికి వస్తాయి. నష్టపరిహారానికి రాష్ట్ర ఐ.టి. కార్యదర్శి న్యాయనిర్ణేత. సొమ్ము పోతే ఆ క్షణమే 1930కి ఫోను చేసి, బ్యాంకుకూ తెలియజేయండి.

ఫిర్యాదు ఏ భాషలో రాయాలని దిగులుపడకండి. దేశంలో గాని, రాష్ట్రంలో గాని వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా అధికారికి విన్నపం ఇచ్చుకునే హక్కు రాజ్యాంగం 350వ అధికరణం మనకిచ్చింది. తెలుగులో రాయండి. జరిగింది జరిగినట్లు మీకు వచ్చిన భాషలోనే చెప్పగలరు. రాని భాషలో మరొకరు రాసిపెట్టిన ఫిర్యాదుకింద సంతకం పెడితే, అదీ ఒక దొంగ అర్జీ అయ్యే ప్రమాదం ఉంది.

చివరిమాట

అబ్బాయి చూపిన లాగ్ వరుసను కాగితంమీద అచ్చు తీసుకుని, నేను మాస్టారి ఇంటికి వెళ్ళాను. సంఘం తరఫున కాదు, నా తరఫున క్షమాపణ అడిగాను. ఆయన కళ్ళజోడు పెట్టుకుని ఆ వరుసను వేలితో ఆనించి రెండుసార్లు చదివారు. “దీన్ని తెలుగులో రాసి నోటీసు బోర్డుమీద పెట్టించండి వకీలు గారూ. నాకోసం కాదు. రేపు ఇంకొకరి పేరుమీద జరుగుతుంది” అన్నారు. మళ్ళీ కార్యదర్శిగా ఉండమంటే ఒప్పుకోలేదు. కానీ ఆనాటి నుంచి మా సైటుకు వచ్చే ప్రతి భద్రతా సూచననూ ఎవరో ఒకరు తెలుగు చేసి బోర్డుమీద పెట్టే అలవాటు చేసుకున్నాం. మొదటి ఏడాది ఆ తెలుగును దిద్దిపెట్టింది మాస్టారే.

ఈరోజు ఇక్కడినుంచి వెళ్ళాక మీరు పరిభాష అంతా మరచిపోయినా ఫరవాలేదు. ఎవరైనా “నా పేరుమీద జరిగింది, నేను చేయలేదు” అంటే, లాగ్ చూసి తీర్పు చెప్పకండి. అర్జీ ఎక్కడ పుట్టిందో అడగండి. నేను ఆ ప్రశ్న అడగడానికి ఆలస్యం చేశాను. మీరు చేయవద్దు.